మెష్ వైఫైనా, లాన్ కేబులా: ఇంటినుంచి పనిచేసేవారికి ఏది మేలు?

బెంగళూరులో కొత్త ఫ్లాటులో దిగిన తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "ఫైబర్ కనెక్షన్ హాల్లో ఉంది. ఆఫీసు పని చేసేది చివరి పడకగదిలో. అక్కడ మీటింగులో గొంతు తెగిపోతోంది. మెష్ కొనమంటారా, కేబుల్ లాగించమంటారా?" మహదేవపుర వైపు మేము తీసుకున్న ఇంట్లోనూ మొన్ననే ఇది తేల్చుకోవలసి వచ్చింది. కేబులే లాగించాను. మెష్ అంటే ఇంట్లో అక్కడక్కడ పెట్టే రెండుమూడు వైఫై పెట్టెలు; అవి తమలో తాము మాట్లాడుకుంటూ ఒకే నెట్‌వర్కుగా పనిచేస్తాయి.

వేగం సంగతి ముందే పక్కన పెడదాం. ఒక వీడియో కాల్‌కు 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు; అది రెండింటిలోనూ దొరుకుతుంది. తేడా అంతా సమయపాలనలో ఉంది. కాల్‌లో మన మాట చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, సెకనుకు 50 ప్యాకెట్లుగా వెళ్తుంది. బాగా ఆలస్యంగా చేరిన ప్యాకెట్‌ను అవతలి కంప్యూటర్ పారేస్తుంది, ఎందుకంటే దాన్ని వినిపించవలసిన క్షణం దాటిపోయింది. సినిమా డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఈ ఆలస్యం కంటికి కనబడదు. అందుకే స్పీడ్ టెస్టులో 200 చూపించే ఇంట్లోనే మాట ముక్కలవుతుంది.

ఈ ఆలస్యం వంతు దగ్గర పుడుతుంది. వైఫైలో మూలసూత్రం, ఒక చానెల్ (రేడియో దారి) మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. పరికరం ముందుగా చానెల్ ఖాళీగా ఉందా అని వింటుంది, ఖాళీ అయితే మరికొద్దిసేపు ఆగి అప్పుడు పంపుతుంది. అందినట్టు జవాబు రాకపోతే ఆగే వ్యవధిని పెంచుకుని మళ్లీ పంపుతుంది. ఆ చానెల్ మన ఒక్కరిదే అయితే బాధ లేదు. పై అంతస్తువారిదీ, ఎదురు ఫ్లాటువారిదీ కూడా అదే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే చానెళ్లు; రెండు వందల ఫ్లాట్లున్న సముదాయంలో ఆ మూడింటినీ అందరూ పంచుకోవాలి. పాత ఫోను ఒకటి దూరంగా ఉండి నెమ్మదిగా పంపుతుంటే, అది ముగించేదాకా మీ కొత్త ల్యాప్‌టాప్ ఆగవలసిందే. 5 గిగాహెర్ట్జ్‌లో చానెళ్లు ఎక్కువే గాని కాంక్రీటు గోడ దాటేసరికి సిగ్నల్ నీరసిస్తుంది. వైఫై 6 అనే తరం తన రౌటర్ కిందున్న పరికరాల వంతులను కొంత క్రమబద్ధం చేసింది. పొరుగు రౌటర్లతో పోటీ మాత్రం పోలేదు.

కేబుల్ కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది. 1971లో హవాయిలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్కును నడిపింది. ఎవరికి పని పడితే వారు పంపడం, ఢీకొంటే మళ్లీ పంపడం దాని పద్ధతి. అలా చేస్తే చానెల్ సామర్థ్యంలో గరిష్ఠంగా 18 శాతమే పనికొస్తుందని లెక్క తేలింది. ఆ ఆలోచనకే మెరుగులు దిద్ది 1973లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ తీగమీదికి తెచ్చారు, అదే ఈథర్‌నెట్, ఇప్పటి లాన్ కేబుల్ నడిచే పద్ధతి. అప్పట్లో అందరికీ ఒకే కేబుల్ కాబట్టి ఢీకొనడం తప్పేది కాదు. తీగలన్నిటినీ ఒకచోట కలిపే స్విచ్‌లు వచ్చి ఒక్కొక్కరికి ఒక్కో తీగ దక్కాక ఆ బాధ పోయింది. మీ ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య ఇప్పుడు మూడో మనిషి లేడు. పంపడం, అందుకోవడం ఏకకాలంలో జరుగుతాయి. నాకు తీర్పు చెప్పింది ఈ ఒక్క అంశమే.

నమ్మకం కుదరకపోతే రాత్రి ఎనిమిది దాటాక, అపార్ట్‌మెంట్ అంతా వీడియోల మీద ఉన్న వేళ, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మీ రౌటర్‌కు పింగ్ కొట్టండి; చిన్న సందేశం రౌటర్‌దాకా వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని అది వరుసగా చూపిస్తుంది. చాలా ఇళ్లలో దాని చిరునామా 192.168.1.1. మా ఇంట్లో కేబుల్ మీద ప్రతి వరుసా 1 మిల్లీసెకను లోపే. వైఫై మీద 3, 4, 3, ఉన్నట్టుండి 87, మళ్లీ 5, ఆ తర్వాత 140. సగటు చూసి మురిసిపోవద్దు, ఆ 140ని చూడండి. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకుండా ఉంటే మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచన. అమెరికావాళ్లతో మీటింగయితే సముద్రాలు దాటడానికే అందులో చాలా భాగం పోతుంది. మిగిలినదాన్ని ఇంటి గోడల మధ్య ఖర్చు పెట్టడం నాకు నచ్చదు.

అయితే మెష్‌ను తీసిపారేయలేను. గోడకు చిల్లు పెట్టనివ్వని అద్దె ఇంట్లో, ఫోన్లతో ఇల్లంతా తిరిగే కుటుంబానికి, అదే దారి. కాకపోతే చవకరకం పెట్టెల్లో, మీ ఫోనుకు వైఫై ఇచ్చే రేడియో, పెట్టెల మధ్య మాట్లాడే రేడియో ఒకటే. ఒకే ప్యాకెట్ గాలిలో రెండుసార్లు ప్రయాణించి వేగం ఇంచుమించు సగమవుతుంది. కొనేపనైతే పెట్టెల మధ్య విడిగా రేడియో ఉన్న ట్రైబ్యాండ్ రకమే కొనండి.

కేబుల్ వేయించాలనుకునేవారు ముందు హాల్లోనూ పడకగదిలోనూ టీవీ, టెలిఫోన్ పాయింట్లు చూడండి. చాలా ఫ్లాట్లలో వాటి పైపులు గోడలో ఖాళీగానే ఉంటాయి. ఎలక్ట్రీషియన్ స్ప్రింగ్ వేసి అందులోంచి లాగేస్తాడు. కరెంటు తీగలున్న పైపులోకి మాత్రం లాన్ కేబుల్‌ను దూర్చనివ్వకండి, అది ప్రమాదం. పైపు లేకపోతే స్కర్టింగ్ వెంబడి కేసింగ్ పట్టీ వేయించవచ్చు. క్యాట్ 6 రకం కేబుల్ తీసుకోండి, నిఖార్సయిన రాగిదే అడగండి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారయిన ఎస్పీ రోడ్డులో కొన్నా ఇంకెక్కడ కొన్నా, తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగిపూత పూసిన అల్యూమినియం. నాలుగు మెలికలు పడితే విరుగుతుంది. బిగించాక స్పీడ్ 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతే, కేబుల్ లోపలి నాలుగు జతల తీగల్లో ఏదో ఒకటి కొస కనెక్టర్‌లో సరిగా బిగుసుకోలేదేమోనని ముందుగా అనుమానించాలి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండే చాలు.

వైఫైని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ వద్దు, చాలావాటిలో సగమయ్యే వేగం అక్కడా తప్పదు. కరెంటు తీగల మీదుగా పంపే పవర్‌లైన్ అడాప్టర్ ఇంటి వైరింగును బట్టి నడుస్తుంది, వెనక్కి ఇచ్చేయగలిగితేనే కొనండి.

ఇప్పటికే మెష్ కొన్నవారు దాన్ని అటక ఎక్కించనక్కర్లేదు. రెండు పెట్టెల మధ్య ఒక్క కేబుల్ లాగిస్తే చాలు, వాటి మాటలు గాలిలోంచి తీగలోకి మారతాయి. రెండో పెట్టెకు ఇంకో లాన్ పోర్టు ఉంటే ల్యాప్‌టాప్‌ను కూడా అక్కడే గుచ్చుకోవచ్చు. కొన్ని పెట్టెలకు ఒకటే ఉంటుంది, అలాంటప్పుడు చిన్న గిగాబిట్ స్విచ్ ఒకటి పక్కన పెట్టుకోవాలి.