కారవాన్‌లో బెజవాడకు: నల్లమల దారా, నెల్లూరు దారా?

బెంగళూరు నుంచి ఆలుమగలిద్దరూ కారవాన్‌లో దసరాకు విజయవాడ చేరాలంటే రెండు దారులున్నాయి.

అనంతపురం వైపు వెళితే కంటికి పండగే. పెనుకొండ కోట దాటాక ఎర్రనేల, పీకి తలకిందులుగా ఆరబెట్టిన వేరుశనగ చెట్లు. తాడిపత్రి దగ్గర నాపరాళ్లు, ఆపైన నల్లరేగడి. నంద్యాల దాటితే వానలు తాగి చిక్కబడిన నల్లమల. చిక్కల్లా గిద్దలూరు వైపు ఘాట్‌లోనే. మలుపు మలుపుకీ ఎత్తయిన బండి ఒరుగుతుంది, అరల్లో గిన్నెలు గోల పెడతాయి, సగం నిండిన నీళ్ల ట్యాంకు అటూ ఇటూ తొణుకుతుంది. గ్యాస్ సిలిండర్ కట్టేసి, వెలుగుండగానే దాటాలి.

చిత్తూరు, తిరుపతి మీదుగా నాయుడుపేటలో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే నడిపేవారికి హాయి. ఒంగోలు మీదుగా విజయవాడ దాకా వెడల్పాటి రోడ్డే; చూడటానికి మాత్రం నెల్లూరు వరి మళ్లు తప్ప పెద్దగా మార్పుండదు.

దసరాకైతే నా ఓటు నల్లమలకే. దీపావళి నాటికి ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడుపుతుంటాయి; వాయుగుండం కబురుంటే నెల్లూరు దారి జోలికి పోకండి, ఎత్తయిన బండికి పక్కగాలి మంచిది కాదు.