కడపలో ఇద్దరు, కర్నూల్లో ఒకడు, అనంతపురంలో ఒకడు: గ్రిమ్ ఎక్లిప్సా, తాబేళ్లా?

మూడు ఊళ్లలో ఉన్న నలుగురు స్నేహితులు కలిసి ఆడాలంటే ఏ వీడియో గేమ్ కొనాలన్నది ప్రశ్న. కార్టూన్ సిరీస్ నుంచి పుట్టి, నలుగురు కలిసి ఆడే నరుకుడు (హ్యాక్ అండ్ స్లాష్) గేముల్లో రెండింటి మధ్యే ఎక్కువ పోటీ. ఒకటి 'రూబీ: గ్రిమ్ ఎక్లిప్స్'. ఆ సిరీస్ తీసిన రూస్టర్ టీత్ వాళ్లే 2016లో తెచ్చారు. రెండోది 2022లో వచ్చిన 'ష్రెడర్స్ రివెంజ్', 1987 నాటి నింజా తాబేళ్ల కార్టూన్ ఆధారంగా చేసింది. పట్టుబట్టి చెప్పాలంటే రెండోది నరుకుడు కన్నా బాదుడు (బీట్ ఎమ్ అప్) ఆట. కానీ కొనేవాడికి ఆ తేడా కన్నా నలుగురూ ఎక్కడ కూర్చుని ఆడతారన్నదే ముఖ్యం.

పీసీలో గ్రిమ్ ఎక్లిప్స్ ఆన్‌లైన్ ఆట. ఒకే స్క్రీన్ మీద ఇద్దరు ఆడే వీలు 2021 నాటి నింటెండో స్విచ్ (చేత్తో పట్టుకునే గేమ్ మిషన్) ఎడిషన్‌లో ఉంది, అదీ ఇద్దరికే. కాబట్టి నలుగురు ఆడాలంటే నాలుగు కాపీలు, నాలుగు సిస్టమ్‌లు, నాలుగు నెట్ కనెక్షన్లు. ష్రెడర్స్ రివెంజ్‌కు ఒక లాప్‌టాప్, హెచ్‌డీఎంఐ వైరుతో టీవీ, ఒకరికి కీబోర్డు, మిగతావాళ్లకు గేమ్‌ప్యాడ్లు చాలు. పీసీలో ఆరుగురి దాకా దిగొచ్చు.

మరి కర్నూలు, అనంతపురం వాళ్ల సంగతి? పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో 'రిమోట్ ప్లే టుగెదర్' అనే సదుపాయం ఉంది. గేమ్ ఒక్కరు కొంటే చాలు, మిగతావాళ్లకు వీడియోగా వెళ్తుంది, వాళ్ల బటన్లు వెనక్కి వస్తాయి. ఇది లోకల్‌గా, అంటే ఒకే సిస్టమ్ మీద కలిసి ఆడే వీలున్న గేములకే పనిచేస్తుంది కనుక తాబేళ్లకు సరిపోతుంది, పీసీ గ్రిమ్ ఎక్లిప్స్‌కు కుదరదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు డౌన్‌లోడ్ స్పీడ్ చూసి మురిసిపోవడం. భారమంతా హోస్ట్ (గేమ్ కొని తన సిస్టమ్‌లో నడిపేవాడు) అప్‌లోడ్ మీదే పడుతుంది. ఫైబర్ ఉన్నవాడే హోస్ట్ కావాలి, రౌటర్‌కు వైరు గుచ్చాలి, మొబైల్ హాట్‌స్పాట్ వద్దు. అవతలివాడు డాడ్జ్ (తప్పుకునే బటన్) నొక్కినా దెబ్బ తగులుతోందంటే వాడికి బొమ్మ ఆలస్యంగా చేరుతున్నట్టు. స్టీమ్ సెట్టింగుల్లో రిజల్యూషన్ 720పికి దించితే చాలావరకు సర్దుకుంటుంది.

ఆట లోతులో మాత్రం గ్రిమ్ ఎక్లిప్స్‌కు ఒక మంచి ముడి ఉంది. ఒకరు శత్రువును స్టన్ చేస్తే (కాసేపు కదలకుండా చేస్తే), ఇంకొకరు వచ్చి టీమ్ అటాక్ వేయాలి. ఎవడి మందను వాడు తరుముకుంటూ పోతే ఆ దెబ్బ ఎప్పటికీ పడదు, బియోవుల్ఫ్‌లు (తోడేలు లాంటి రాక్షసులు) చుట్టుముడతాయి. హెడ్‌సెట్ లేకుండా ఆడితే సగం ఆట పోయినట్టే. ఒంటరిగా ఆడితే ఇంకా చప్పగా ఉంటుంది: కంప్యూటర్ నడిపే తోడు ఎవరూ రారు, అవే మందలు మళ్లీ మళ్లీ.

తాబేళ్ల ఆటలో తోడు మరో రకం. పడిపోయినవాడి పక్కన నిలబడి పిజ్జా ముక్క చూపించి లేపాలి. ఆ క్షణంలో దెబ్బ తగిలితే లేపడం చెడుతుంది, అందుకే మూడోవాడు కాపలా ఉండాలి. (కడపలో చేసుంటే పిజ్జా బదులు కారం దోశే పెట్టేవాళ్లు.) టాంట్ (శత్రువును వెక్కిరించే కదలిక) పూర్తిచేస్తే, పెద్ద దెబ్బకు కావాల్సిన సూపర్ మీటర్ నిండుతుంది, కానీ శత్రువు స్క్రీన్ చివర ఉన్నప్పుడే వేయాలి. కొత్తవాళ్లు స్టోరీ మోడ్‌తో మొదలుపెట్టండి. ఆర్కేడ్ మోడ్‌లో ఆట సేవ్ కాదు, మధ్యలో కరెంటు పోతే 16 స్టేజీలూ మళ్లీ మొదటి నుంచే.

మా ఓటు తాబేళ్లకే. నలుగురికీ సొంత పీసీలుండి, రూబీ సిరీస్ ఇష్టంగా చూసుంటేనే గ్రిమ్ ఎక్లిప్స్. అదీ ఒక షరతు మీద: రూస్టర్ టీత్ మూతపడుతోందని 2024లో ప్రకటన వచ్చింది కాబట్టి, నలుగురూ డబ్బు కట్టకముందు స్టోర్‌లో గేమ్ ఉందో లేదో చూడండి. ముందు ఒక్కరు కొని, సిస్టమ్ మీద నడిపి చూసి, రెండు గంటలు దాటకముందే తేల్చుకోండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపల, ఆడిన సమయం రెండు గంటలకు మించకపోతేనే డబ్బు వెనక్కి అడగొచ్చు.