కథానాయిక సినిమా, ఆ తర్వాత భోజనం: మాల్ మేలా, క్రాస్‌రోడ్స్ మేలా, ఇల్లు మేలా?

మా కళాశాలలో నాతో పనిచేసేవారూ, మా వీధిలోని ఆడవాళ్లూ గత రెండేళ్లుగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. స్త్రీ పాత్రకు ప్రాధాన్యమున్న మంచి చిత్రం ఒకటి చూసి, బయట ఎక్కడైనా తృప్తిగా తిని, తలకు ఐదు వందలు దాటకుండా ఇంటికి చేరాలంటే హైదరాబాదులో ఏ దారి మేలన్నది ఆ ప్రశ్న. మా అమ్మనూ, చెల్లెలినీ, మరి ముగ్గురు స్నేహితురాళ్లనూ వెంటబెట్టుకొని నెలకొకసారి నేను ఈ పని చేస్తుంటానని వారికి తెలుసు. మా ముందున్న దారులు మూడు. మాల్‌లోని మల్టీప్లెక్సులో సినిమా చూసి అక్కడి ఫుడ్ కోర్టులోనే తినడం ఒకటి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వంటి చోట పాత థియేటర్లో చూసి, బయటికి వచ్చి పక్కనున్న హోటల్లో కూర్చోవడం రెండవది. ఇంట్లో ఓటీటీలో చూసి, తినడానికి మాత్రం బయటికి వెళ్లడం మూడవది. మూడింటినీ పలుమార్లు చేసి చూశాను కనుక నాకు తోచినది చెబుతాను.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఏసీ థియేటర్లలో టిక్కెట్టు గరిష్ఠ ధర 150 రూపాయలు, మల్టీప్లెక్సులలో మామూలు సీటుకు 250 రూపాయలు. జీఎస్టీ దీనికి అదనం. వంద రూపాయలు దాటిన టిక్కెట్టుపై 18 శాతం పన్ను పడుతుంది గనుక మొదటిది 177, రెండవది 295 అవుతుంది. ఆ రెండింటికీ మధ్యనున్న 118 రూపాయలతో మా పేటలోని మెస్సులో ఒక శాకాహార భోజనం దాదాపుగా వచ్చేస్తుంది. పెద్ద హీరోల చిత్రాలకు విడుదల రోజుల్లో ప్రత్యేక అనుమతులతో ధరలు పెంచుతుంటారు. కథానాయిక మీద నడిచే చిన్న చిత్రాలకు ఆ బెడద సాధారణంగా ఉండదు, కాబట్టి ఈ లెక్క వాటికి చాలావరకు నిలుస్తుంది. మాల్‌లో ఆరుగురం చూసి అక్కడే తింటే తలకు ఆరు వందలకు తగ్గిన సందర్భం నాకు గుర్తు లేదు. పాత థియేటరూ, టిఫిన్ హోటలూ అయితే మూడు వందల చిల్లరతో ఇంటికి వచ్చేశాం.

అయినా మాల్‌ను తేలికగా తీసివేయలేను. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు లిఫ్టు ఉండడం, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండడం చిన్న విషయాలు కావు. డెబ్బై ఏళ్ల మనిషిని తీసుకొని బయటికి వెళ్లేవారెవరైనా మొదట చూసుకొనేవి అవే. శబ్దం స్పష్టంగా ఉంటుంది, సీటు మెత్తగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త నటి ఎవరైనా ఒక చిన్న చిత్రంలో గొప్పగా నటించిందని విన్నప్పుడు ఆ చిత్రం తరచుగా మల్టీప్లెక్సులోని చిన్న తెర మీదే, రోజుకు రెండు మూడు ఆటలుగా నడుస్తుంటుంది. పాత థియేటర్లు దానికి దొరకవు. అటువంటప్పుడు మాల్‌కు వెళ్లడం తప్ప గత్యంతరం లేదు.

కానీ నా దృష్టిలో దీనిని నిర్ణయించేది టిక్కెట్టు ధరా కాదు, తెర వెడల్పూ కాదు. సినిమా అయిపోయిన అరగంటలోపు ఆరుగురమూ ఒకే బల్ల చుట్టూ చేరి, ఎవరూ లేవమనకుండా ఒక గంటసేపు కూర్చోగలుగుతామా లేదా అన్నదే నాకు ముఖ్యం. ఒక నటి చేసిన పనిని మనం నిజంగా అందుకొనేది ఆ గంటలోనే. హాల్లో ఉన్నంతసేపూ కథ మనల్ని లాక్కుపోతుంది. ఆమె ఎక్కడ మాట మింగింది, ఎక్కడ చూపు తిప్పుకొంది, ఆ క్షణంలో మనకు గొంతు ఎందుకు పట్టుకుంది అన్నవి ఒకరు మొదలుపెడితే మరొకరు అందుకొని చెప్పుకుంటేనే బయటపడతాయి. అందుకే నేను ముందు బల్లను చూసుకొని, తర్వాత థియేటర్‌ను ఎంచుకొంటాను. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు.

ఈ సంగతి నాకు ఒకే చిత్రాన్ని రెండు విధాలుగా చూడడం వల్ల తెలిసింది. 2024 సెప్టెంబరులో ‘35: చిన్న కథ కాదు’ విడుదలైనప్పుడు మొదటి వారంలోనే సహోద్యోగులతో కలిసి ఒక మాల్‌లో చూశాను. తిరుపతిలో జరిగే కథ అది. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన చేరితే తొమ్మిది కంటే పెద్దది ఎలా అవుతుందని అడిగే పిల్లవాడు, వాడికి లెక్కలు నేర్పడానికి ముందు తాను నేర్చుకోవలసి వచ్చిన తల్లి సరస్వతి. ఆ తల్లి పాత్రను నివేదా థామస్ కేకలూ శోకాలూ లేకుండా, కళ్లతోనూ మాట ఆపుకొనే తీరుతోనూ నడిపించింది. ఆ నటనకే తరువాత తెలంగాణ ప్రభుత్వపు గద్దర్ పురస్కారాలలో ఉత్తమ నటిగా ఎంపికైంది. ఇంత మంచి చిత్రం చూసి ఫుడ్ కోర్టుకు వెళ్లాం. నలుగురం నాలుగు కౌంటర్ల దగ్గర నిలబడ్డాం. ఒకరి ట్రే వచ్చేసరికి మరొకరిది చల్లారింది, ఖాళీ అయిన బల్ల కోసం ఇద్దరు కాపలా ఉన్నారు, టోకెన్ నంబర్లు పిలిచే గొంతు మీదుగా మాట వినిపించలేదు. సరస్వతి గురించి ఎవరమూ ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడుకోలేదు. తిన్నదేమిటో కూడా ఇప్పుడు నాకు గుర్తు లేదు.

పది రోజుల తర్వాత అదే చిత్రాన్ని అమ్మకు చూపించాలని నగరంలోనే ఒక పాత థియేటర్‌కు మ్యాట్నీకి తీసుకువెళ్లాను. సీట్లు అంత బాగాలేవు, ఏసీ అంతంతమాత్రం. సాయంత్రం ఐదు గంటలకు బయటికి వచ్చి, నాలుగు అడుగుల దూరంలోని ఇరానీ హోటల్లో పాలరాతి పలక వేసిన బల్ల దగ్గర కూర్చున్నాం. ఉస్మానియా బిస్కెట్లు, ఉల్లిపాయ సమోసాలు, ఆరు చాయ్‌లు తెప్పించుకొన్నాం. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఏడో తరగతితో ఆమె చదువు ఆగిపోయిందని మాకు తెలుసు గానీ దాని గురించి ఆమె ఎన్నడూ మాట్లాడి ఎరుగదు. రెండో చాయ్ వచ్చాక, “పాల లెక్క నేనెప్పుడూ హెచ్చవేయలేదే, ముప్పై సార్లు కూడేదాన్ని. మీ నాన్న వచ్చేలోపు కూడడం అయిపోవాలని భయంగా ఉండేది” అంది. నలభై ఏళ్లు మా ఇంట్లో క్యాలెండర్ మీద పెన్సిలుతో గీసిన గీతలను చూస్తూ పెరిగిన నాకు ఆ గీతలు దేనికో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత మా చెల్లెలు, నివేదా పలక పట్టినట్టు అమ్మ పెన్సిలు పట్టేదని వాదించడం మొదలుపెట్టింది. మేము ఏడు గంటల వరకూ అక్కడే ఉన్నాం, మమ్మల్ని లేవమన్నవారు లేరు. ఆరుగురికీ కలిపి అయిన బిల్లు మల్టీప్లెక్సులో రెండు టిక్కెట్ల ధరకు తక్కువే.

కాబట్టి క్రాస్‌రోడ్స్ పద్ధతి వైపే నేను మొగ్గుతాను, అయితే అందులో ఆట వేళను ఎంచుకోవడం ముఖ్యం. పదకొండు గంటల మార్నింగ్ షోకు వెళితే ఒంటిగంటన్నరకు బయటపడతాం. అది మెస్సులన్నీ కిక్కిరిసి ఉండే సమయం. మనం పప్పు కలుపుకొంటుండగానే వెనుక కుర్చీ పట్టుకొని మరొకరు నిలబడి ఉంటారు. వారిది తప్పు కాదు, ఆకలి అటువంటిది, కానీ ఆ నీడలో మాట సాగదు. సాయంత్రం ఆరు గంటల ఆటకు వెళితే తొమ్మిది దాటుతుంది. బిర్యానీ హోటళ్లలో రద్దీ తగ్గదు, ఇంటికి చేరాలన్న తొందర వేరు. మ్యాట్నీ ఒక్కటే ఐదు గంటల ప్రాంతంలో, టిఫిన్ హోటళ్లు సాయంకాలపు దోసెలూ బజ్జీలూ మొదలుపెట్టి ఇంకా జనం చేరని వేళకు మనల్ని బయటికి వదులుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దేవి, సుదర్శన్ వంటి థియేటర్లు కాలినడక దూరంలోనే ఉంటాయి, జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) వెళ్లే మెట్రో మార్గంలో అక్కడే స్టేషన్ ఉంది. కారు తీసుకువెళ్లి పార్కింగ్ కోసం తిరగవలసిన పని లేదు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కొనకపోవడం మా నియమం. అది డబ్బు కోసం మాత్రమే కాదు, ఆకలి మిగిలి ఉంటేనే ఐదు గంటల దోసెకు రుచి ఉంటుంది.

హోటళ్లలోనూ తేడా ఉంది. నిలబడి తినే టిఫిన్ సెంటర్లు అన్నిటికంటే చవక, ఇడ్లీ వేడిగా ఉంటుంది, కానీ పది నిమిషాలలో పని ముగిసిపోతుంది. కూర్చోబెట్టి వడ్డించే ఉడిపి హోటల్లో ఏసీ హాలుకు పది ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకొంటారు. ఆ అదనాన్ని నేను దోసెకు కాక కుర్చీకి ఇస్తున్నట్టు లెక్కవేసుకొంటాను, అది దండగ కాదు. ఇరానీ హోటల్ అన్నిటికంటే ఓపికైన చోటు. ఒక చాయ్ మీద గంట గడిపే అలవాటును ఈ నగరానికి నేర్పినవి అవే, అటువంటివి ఒక్కొక్కటిగా మూతపడుతుండడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అయితే కడుపునిండా తినాలనుకొనేవారికి అక్కడి సమోసా చాలదు. అలాంటివారు ఇరానీలో కూర్చొని మాట్లాడుకొని, ఏడు గంటలకు మెస్సుకు వెళితే రద్దీ మొదలుకాకముందే భోజనం ముగించవచ్చు.

ఇక ఇల్లు. పాత చిత్రాలకు మనకు ఉన్నది చాలావరకు ఈ దారే. ‘నిమజ్జనం’లో శారద, ‘దాసి’లో అర్చన, ‘కర్తవ్యం’లో విజయశాంతి జాతీయ ఉత్తమ నటి పురస్కారాలు అందుకొన్నారు. వాటిలో దేనినైనా థియేటర్లో చూడాలంటే ఏ ఫిల్మ్ సొసైటీవారో వేయాలి. ఇంట్లో చూడడంలోని చిక్కును ‘దాసి’ నాకు బాగా తెలియజేసింది. దొర ఉండే గడీలో ఊడిగం చేసే అమ్మాయిగా అర్చన అందులో మాట్లాడేది బహు తక్కువ. ఆమె నటన అంతా మౌనంలో, వంచిన మెడలో, నడకలో ఉంటుంది. కుక్కర్ విజిల్ ఒకటి, ఫోన్ ఒకటి, వాకిట్లో కొరియర్ అబ్బాయి పిలుపు ఒకటి వచ్చేసరికి ఆ మౌనం మాకు దక్కలేదు. ‘మాయాబజార్’ దీనికి భిన్నం. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి భుజాలు ఎగరేస్తూ, అడుగు బరువుగా వేస్తూ, అంతలోనే ఆడపిల్ల వయ్యారాన్ని గుర్తు తెచ్చుకొంటూ చేసిన అభినయం ఎంత గోలలోనైనా, ఎంత చిన్న తెర మీదైనా నిలుస్తుంది. 2010లో దాని రంగుల ప్రతిని థియేటర్లో చూసినప్పుడు మాత్రం ఆ నడకకు హాలంతా ఒక్కసారిగా నవ్విన నవ్వు ఇంట్లో ఎన్నడూ రాదని అర్థమైంది.

ఇంటి దారిని ఎంచుకొనేవారికి నేను చెప్పేది ఒకటే. సినిమా ఇంట్లో చూసినా భోజనం మాత్రం ఇంటికి తెప్పించుకోవద్దు. డెలివరీ సంచి విప్పగానే ఎవరి పళ్లెం వారు పట్టుకొని తలో గదికీ వెళ్లిపోతారు. ‘మిస్సమ్మ’ చూసిన రోజున మేము బయటికి వెళ్లి టిఫిన్ తింటూ, అందులోని మేరీ పాత్ర మొదట భానుమతిది గదా, కొంత చిత్రీకరణ జరిగాక ఆమె తప్పుకొంటే సావిత్రికి వచ్చింది గదా, భానుమతి అయితే ఆ కోపాన్ని ఎలా పలికించి ఉండేదని గంటన్నర మాట్లాడుకొన్నాం. మేరీ కోపంలో సావిత్రి కలిపిన బెదురును మా స్నేహితురాలు ఒకామె పట్టుకొని చెప్పేదాకా నేను గమనించనే లేదు. ఆ సంభాషణకు మాకు అయిన ఖర్చు తలకు నూట ఇరవై రూపాయలు.

బఫే హోటళ్ల గురించి కూడా కొందరు అడుగుతారు. కట్టిన డబ్బుకు తినాలన్న ధ్యాసలో పదిసార్లు లేచి తిరుగుతాం కాబట్టి ఈ పనికి అవి పనికిరావు. మాల్‌లోనే ఉండే ఖరీదైన రెస్టారెంట్లు మా ఐదు వందల హద్దులోకి రావు.

చిత్రం మల్టీప్లెక్సులో మాత్రమే ఉన్నప్పుడు మేము చేస్తున్నది ఇది: మ్యాట్నీ అక్కడే చూస్తాం, లిఫ్టులో కిందికి దిగగానే ఫుడ్ కోర్టు వైపు చూడకుండా ఆటోలో దగ్గరలోని ఉడిపి హోటల్‌కు వెళతాం. ఆటో ఖర్చు కలిపినా ఫుడ్ కోర్టు కంటే తక్కువే అవుతుంది. అటువంటి చిత్రాల విషయంలో ఆలస్యం కూడదు. శుక్రవారం విడుదలైతే శని, ఆదివారాల మ్యాట్నీలకే టిక్కెట్లు తీసుకోవడం మంచిది. జనం రాలేదనుకొంటే సోమవారానికే ఆటలు తగ్గిస్తారు, అప్పుడు మొదట పోయేది తరచుగా మధ్యాహ్నం రెండున్నరకు మొదలయ్యే ఆ మ్యాట్నీయే.