డబ్బు కట్టించుకుని ‘క్లోజ్ ఫ్రెండ్స్’లో చేర్చే చీరల పేజీలతో జాగ్రత్త

ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి చీరలు కొనే హైదరాబాద్ వాళ్లకి ఒక మాట. “499 కట్టండి, క్లోజ్ ఫ్రెండ్స్‌లో చేరుస్తాం, మగ్గం రేటుకే పోచంపల్లి చీరలు చూపిస్తాం” అని ఎవరైనా అంటే కట్టకండి. క్లోజ్ ఫ్రెండ్స్ అంటే, పేజీవాళ్లు ఎంచుకున్నవాళ్లకే స్టోరీలు కనపడేలా పెట్టుకునే లిస్టు.

నేను కట్టాను. ఆ లిస్టులోవాళ్లకు కనపడే ఆకుపచ్చ రింగుతో స్టోరీలు రావడం మొదలైంది. ఇక్కత్ పట్టు అని చూపించిన చీరకు 7,800 యూపీఐ చేస్తే వచ్చింది ప్రింటు! ఇక్కత్‌లో ముందు నూలుకే రంగులద్ది తర్వాత నేస్తారు, అందుకే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది. దీన్ని తిరగేస్తే వెలిసిపోయినట్టుంది. మా పిన్ని కొంగు పట్టుకుని చూసి, “పట్టు కూడా కాదే ఇది” అనేసింది.

మెసేజ్ పెడితే “అక్కా, మీరు చూసే కదా తీసుకున్నారు” అని జవాబు. ఆ తర్వాత ఆకుపచ్చ రింగు మాయం. పేజీ మాత్రం మామూలుగానే నడుస్తోంది, “కొన్ని సీట్లే మిగిలాయి” అని కొత్తవాళ్లను పిలుస్తూ.

క్లోజ్ ఫ్రెండ్స్ 2018లో వచ్చిన ఉచిత సదుపాయం. పాప ఫొటోలు నలుగురికే చూపించాలనుకునేవాళ్లకి బాగా పనికొస్తుంది. మోసగాళ్లకీ అంతే. లిస్టులో ఎవరెవరున్నారో పేజీవాళ్లకు తప్ప ఎవరికీ కనపడదు. తీసేసినా మనకు నోటిఫికేషన్ రాదు. స్టోరీ 24 గంటల్లో పోతుంది. 2023 నుంచి పోస్టులు, రీల్స్ కూడా ఇలా కొందరికే చూపించొచ్చు, కానీ వీళ్లు ఆ జోలికి పోరు. పోస్టు కింద కామెంట్లుంటే “నాకూ ఇలాగే వచ్చింది” అని ఇంకొకరు రాసేస్తారు కదా!

కొనాలనే ఉంటే స్టోరీని ధరతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అవతలివాళ్లకు తెలియదు. డబ్బు పంపేముందు వీడియో కాల్‌లో చీర తిరగేసి చూపించమనండి. దుకాణం అడ్రస్, రిటర్న్ షరతులు రాసిమ్మనండి. ఆన్‌లైన్ అమ్మకాలపై 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం అవి చెప్పాల్సిందే. నసిగితే వదిలేయండి. అసలు పోచంపల్లి మనకి గంటన్నర ప్రయాణం, నేసేవాళ్ల దగ్గరే తెచ్చుకోవచ్చు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, పూర్తిగా మోసమే అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను 1915కి చేశాను. పార్శిల్ మీద అడ్రస్ కొరియర్ ఆఫీసుదే, అందుకని యూపీఐ రసీదులో ఉన్న పేరు ఇచ్చాను.