జత డిస్కుల మీద మళ్లీ డెబియన్: ఏడాదిన్నర వాడాక

లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12ను పాత రెయిడ్ 1 డిస్కుల మీద (ఒకే డేటాను రెండింటిలోనూ ఉంచే జత) తాజాగా ఇన్‌స్టాల్ చేసిన రోజు, ఆ జతను నడిపే ఎండీఅడ్మ్ అనే ప్రోగ్రాముకు దండం పెట్టాలనిపించింది. రెండు 2 టీబీ డిస్కులు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్ల నుంచి పిల్లల ఫోటోల దాకా అన్నీ వాటిలోనే. పాత వ్యవస్థను చెరిపేస్తే జత సంగతి ఎవరికి గుర్తుంటుందని భయపడ్డాను. ఆ వివరం ప్రతి డిస్కులోనూ సూపర్‌బ్లాకు అనే చిన్న భాగంలో రాసి ఉంటుంది. ఆ రెండు డిస్కుల మీదా వ్యవస్థకు ఒక జత, నా ఫైళ్లుండే హోమ్‌కు ఒక జత ఉన్నాయి; ఇన్‌స్టాలర్ రెండు జతలనూ తనే గుర్తుపట్టింది. వ్యవస్థ ఉన్న జతను ఫార్మాట్ చేయమని, హోమ్ ఉన్న జతను ముట్టుకోవద్దని చెప్పి, చివరి తెర మీది జాబితాను నాలుగుసార్లు చదివి ఎంటర్ నొక్కాను. ఒక్క ఫోటో పోలేదు.

చిన్న చిరాకు ఒకటి. యంత్రానికి ఈసారి కొత్త పేరు పెట్టాను. సూపర్‌బ్లాకులో పాత పేరే ఉంది కాబట్టి కొత్త వ్యవస్థ హోమ్ జతను పరాయిదిగా భావించి, ఎండీ1 అనే పాత పేరు బదులు ఎండీ127 అని పిలిచింది. బూటులో ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో పేరు కాకుండా యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య) ఉండటంతో బూటుకు ఇబ్బంది రాలేదు. పాత పేరును నమ్ముకున్న నా బ్యాకప్ స్క్రిప్టు మాత్రం మూడు వారాలు చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది.

అసలు దెబ్బ పోయిన వేసవిలో తగిలింది. మొదటి డిస్కు కటకటమని చచ్చిపోయింది. అద్దంలాంటి రెండోది ఉంది కదా అని ధీమాగా చచ్చినదాన్ని ఊడదీసి యంత్రం ఆన్ చేశాను. బూట్ చేయడానికి ఏమీ దొరకలేదంటూ నల్లటి తెర. వ్యవస్థను బూట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రామును ఎక్కడ వేయమంటావని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు మొదటి డిస్కును ఎంచుకుని ముందుకు వెళ్లింది నేనే. రెయిడ్ నా డేటాను రెండు చోట్ల భద్రంగా ఉంచింది. తాళంచెవి మాత్రం చచ్చినదాని జేబులో ఉండిపోయింది.

ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవులోనే రెస్క్యూ మోడ్ ఉంటుంది. జతను అక్కడే కట్టించి, మిగిలిన డిస్కు మీద గ్రబ్ వేయించాను. కొత్త డిస్కును జతకు కలిపాక నకలు పూర్తవడానికి దాదాపు నాలుగున్నర గంటలు. జత స్థితిని చూపే ఎండీస్టాట్‌లో ఒక యూ (పనిచేస్తున్న డిస్కు గుర్తు), పక్కన ఖాళీ గీత. అది రెండో యూ అయ్యేదాకా భోజనం సహించలేదు. తర్వాత గ్రబ్ పీసీ ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేసి రెండు డిస్కులకూ టిక్ పెట్టాను.

నాది పాత బయాస్ ఫర్మ్‌వేర్ (ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) ఉన్న యంత్రం, ఇంటి అవసరం. ఒక పూట ఆగినా అడిగేవారు లేరు. ఆ లెక్కలో మళ్లీ ఇదే పెట్టుకుంటాను. బయాస్ బదులు కొత్త రకం ఫర్మ్‌వేర్ అయిన యూఈఎఫ్ఐ ఉన్నవారి సంగతి వేరు: బూట్ పార్టిషన్‌ను ఫర్మ్‌వేర్ రెయిడ్‌గా చూడదు, రెండో డిస్కులోనూ దాన్ని విడిగా పెట్టుకోవాలి. ఇక ఇప్పుడు నన్ను మోస్తున్న రెండో డిస్కు, పోయినదానితో పాటు ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్నదే. వచ్చే నెల దాన్నీ మార్చేస్తున్నాను.