పాత ఆల్టోకి ఇంట్లోనే మార్చిన ఇంజిన్ మౌంట్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మాది 2009 మోడల్ ఆల్టో. ఇల్లు ఒంగోలులో, ఉద్యోగం చీమకుర్తిలో. గ్రానైట్ లారీలు తిరిగే కర్నూలు రోడ్డు మీదే రోజూ రాకపోకలు. ఈ బండికి ఇంజిన్ మౌంట్లు ఇంటి దగ్గరే రెండుసార్లు మార్చాను. ఇంజిన్‌ని బండి బాడీకి పట్టి ఉంచి, దాని వణుకు లోపలికి రాకుండా ఆపే రబ్బరు దిమ్మలివి. మా వైపు మెకానిక్కులు వీటిని ఫౌండేషన్లు అంటారు. మొదటి సెట్టు పది నెలలకే పోయింది. రెండోది నాలుగేళ్లు దాటి, 46 వేల కిలోమీటర్లు తిరిగి, ఇంకా పనిచేస్తోంది. రబ్బరు నాణ్యతలో తేడా ఉన్న మాట నిజమే కానీ, బోల్టులు బిగించిన తీరులోనే అసలు తేడా ఉందని నా గట్టి నమ్మకం.

మొదట్లో సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణికేది. ఏసీ వేస్తే డ్యాష్‌బోర్డు అంతా గలగల. రివర్స్ గేరేసి క్లచ్ వదలగానే కింద దబ్బుమని చప్పుడు. మూడు సిలిండర్ల ఇంజిను కదా, కాస్త వణుకు మామూలే అనుకుని చాలాకాలం పట్టించుకోలేదు. ముందు స్పార్క్ ప్లగ్గులు మార్చి, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాను. మీరూ ముందు అదే చేయండి. ఒక సిలిండర్ సరిగ్గా కొట్టకపోయినా బండి ఇలాగే వణుకుతుంది.

అయినా తగ్గకపోతే ఒక ఆదివారం పరీక్ష పెట్టాం. బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాం. నేను సీట్లో కూర్చుని ఫస్ట్ గేర్లో క్లచ్ కొద్దిగా వదిలాను, తర్వాత రివర్స్‌లో. మా బావమరిది బండికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చూస్తున్నాడు. "బావా, ఇంజినంతా లేచి పడతా ఉంది, ఆపు ఆపు!" అని అరిచాడు. ఆ అరుపుతో అనుమానం తీరిపోయింది.

విప్పిన వెనక మౌంటు ఇంకా దాచి ఉంచాను. రబ్బరు మధ్యలో ఉండే ఇనుప గొట్టం కిందికి దిగబడింది. పైన నెలవంక ఆకారంలో చీలిక, అందులో రూపాయి బిళ్ల నిలువుగా పట్టేంత సందు. అడుగున ఇనుము ఇనుముకి తగిలి ఒకచోట అద్దంలా మెరుస్తోంది. ఆ దబ్బుమనే చప్పుడు పుట్టింది అక్కడే. అలాగే నడిపితే ఆ ఊపంతా సైలెన్సర్ పైపు జాయింటు మీద, గేర్ లింకేజీ మీద, రబ్బరు హోసుల మీద పడుతుంది.

మొదటిసారి చేసిన తప్పు ఇదీ. ధర తక్కువని, కంపెనీ పేరు సరిగ్గా లేని సెట్టు కొన్నాను. ఇంజిన్ ఇంకా జాకీ మీద ఎత్తి ఉండగానే, ఒక్కో మౌంటు పెట్టి బోల్టులన్నీ పూర్తిగా బిగించేశాను. తర్వాత జాకీ దించితే ఇంజిన్ బరువంతా అప్పటికే వంకరగా బిగుసుకున్న రబ్బరు మీద పడింది. అంటే మెలిపడిన రబ్బరుతోనే పది నెలలు తిప్పాను. అది చిరగక ఏం చేస్తుంది? సెట్టు చవకదే, కానీ ఆ నష్టంలో నా వాటా కూడా ఉంది.

రెండోసారి మారుతి జెన్యూన్ మౌంట్లు మూడూ ఒకేసారి తెచ్చాను. ఒకటే కొత్తది వేస్తే, మిగతా రెండూ మోయలేని బరువు దాని మీదే పడి త్వరగా అరుగుతుంది. కొత్తపట్నం సముద్రపు గాలి తగిలే ఊరు మాది, బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేశాను, పొద్దున పానా వేస్తే ఏ బోల్టూ మొరాయించలేదు. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేశాను. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు కింద మందపాటి చెక్క పెట్టి, దాని కింద జాకీ పెట్టి, మౌంటు మీద బరువు తగ్గేవరకే మెల్లగా ఎత్తాను. చెక్క లేకుండా ఎత్తితే సంపు సొట్టపోతుంది. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఒకసారికి ఒకే మౌంటు విప్పి, కొత్తది పెట్టి, బోల్టులు చేత్తో ఎక్కించాను. రంధ్రాలు కలవకపోతే సుత్తి తీయకుండా జాకీని అరంగుళం అటూ ఇటూ చేస్తే అవే కలుస్తాయి. మూడూ పెట్టాక, మౌంటు మధ్యలోంచి పోయే పెద్ద బోల్టులు వదులుగానే ఉంచి జాకీ పూర్తిగా దించేశాను. ఇంజిన్‌ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపితే దాని బరువుకి అది సర్దుకుని కూర్చుంది. అప్పుడు టార్క్ రెంచితో, అంటే ఎంత బిగువు కావాలో కొలిచి బిగించే పానాతో, బిగించాను. ఈ ఒక్క మెట్టు గురించి మళ్లీ మళ్లీ చెబుతాను, దయచేసి దాటేయకండి. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి లేచాం.

స్టార్ట్ చేయగానే తేడా తెలిసింది. మా ఆవిడ వచ్చి కూర్చుని, "ఇంజిన్ ఆన్‌లోనే ఉందా?" అని అడిగింది. వణుకు అసలు లేదని చెప్పను. ఏసీ కంప్రెసర్ అందుకున్నప్పుడు ఇప్పటికీ చిన్న కదలిక ఉంటుంది, అది ఈ ఇంజిన్ స్వభావమే. దబ్బుమనే చప్పుడు మాత్రం ఆ రోజు నుంచి వినలేదు.

నాలుగేళ్లలో రెండు విషయాల్లో జాగ్రత్తపడ్డాను. వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే జిడ్డు పోవడానికి ఇంజిన్ మీద డీజిల్ కొడతారు. రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది, అందుకని "ఇంజిన్ ముట్టుకోవద్దన్నా" అని ముందే చెబుతాను. ఒకసారి ఇంజిన్ పైమూత (ట్యాపెట్ కవర్) ప్యాకింగ్ కారి ఆయిల్ చుక్కలు కుడివైపు మౌంటు మీద పడ్డాయి. ఆ వారమే ప్యాకింగ్ మార్చి, మౌంటు సబ్బునీళ్లతో తుడిచాను. ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ టార్చి వేసి మూడింటినీ చూస్తాను.

పోయిన నెల చూస్తే ఎడమదీ కుడిదీ చెక్కుచెదరలేదు. వెనకదాని అంచున వెంట్రుక మందాన ఒక పగులు మొదలైంది. గోరు దిగట్లేదు కాబట్టి ఇంకొన్నాళ్లు నడుపుతాను. కొత్త సెట్టు మాత్రం తెచ్చి అటక మీద పెట్టాను.