పవర్‌పాయింట్ స్లైడ్ మాస్టర్: తెలుగు స్లైడ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

విశాఖపట్నంలో మేము నిర్వహించే శిక్షణ తరగతులకు తెలుగు, ఇంగ్లీషు కలిసిన స్లైడ్లను నలుగురం పంచుకుని తయారుచేస్తాం కనుక, వాటన్నిటికీ ఒకే రూపు తేవడానికి పవర్‌పాయింట్‌లోని స్లైడ్ మాస్టర్‌నే, అంటే స్లైడ్లన్నిటి రూపాన్ని నిర్ణయించే మూల స్లైడ్‌నే, నమ్ముకున్నాం. ఆ నమ్మకాన్ని అది నిలబెట్టింది.

వ్యూ ట్యాబ్‌లో దీన్ని తెరిచి, ఎడమవైపు వరుసలో అన్నిటికంటే పైనున్న పెద్ద స్లైడ్‌లో శీర్షిక ఫాంటునో, బులెట్ గుర్తునో మారిస్తే, ఆ మార్పు కింది లేఅవుట్లకూ (స్లైడ్ అమరిక నమూనాలకూ), వాటిని వాడుకున్న స్లైడ్లకూ ఒక్కసారిగా చేరుతుంది. అయితే ఇది ప్లేస్‌హోల్డర్లలో, అంటే లేఅవుట్‌లో ముందే ఉండే ఖాళీ పెట్టెల్లో, టైపు చేసిన పాఠానికే వర్తిస్తుంది. విడిగా గీసిన టెక్స్ట్ బాక్సులు మాస్టర్‌లోని శీర్షిక శైలిని అనుసరించవు. ఎవరైనా ఒక స్లైడ్‌లో చేత్తో సైజు మార్చి ఉంటే, హోమ్ ట్యాబ్‌లోని రీసెట్ దాన్ని మళ్ళీ దారికి తెస్తుంది. ఈ ఒక్క బటన్‌కే నేను సగం మార్కులు వేస్తాను.

పాత ఫైలు నుంచి స్లైడ్లు అతికించేటప్పుడు ‘యూజ్ డెస్టినేషన్ థీమ్’ ఎంచుకోవాలి, లేకుంటే పాత మాస్టర్ కూడా వెంట వచ్చేస్తుంది.

తెలుగుకు మాత్రం మరికొంత శ్రద్ధ అవసరం. విండోస్ 10లో గౌతమి, వాణి విడిగా చేర్చుకోవలసిన ఫాంట్లు కాబట్టి, ముందే ఉండే నిర్మలా యూఐని మాస్టర్‌లోనే నిర్ణయించడం మేలు. వరుసల మధ్య ఎడం మరీ తగ్గిస్తే ‘రాష్ట్రం’ వంటి మాటల్లోని ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. ఆ ఎడాన్ని కూడా అక్కడే సరిచేసి, ఫైలును టెంప్లేట్‌గా భద్రపరిచి అందరికీ పంపాలి.